నా జలుబు కూడా నేర్చుకున్న గాయని

సినిమాల్లో పాడాలని ఫిలింనగర్ సందులన్నీ తిరిగే పిల్లలు నా దగ్గరికి వచ్చినప్పుడు మొదట అడిగేది ఒకటే, మీరు ఏ పాటలు పాడారండీ అని. చాలా పాడానమ్మా అంటాను. ఒక్కటి చెప్పండి అంటారు. చెప్పలేను. నేను ట్రాక్ పాడేదాన్ని.

ట్రాక్ అంటే ఏమిటో తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. బాణీ తయారైన రోజునే పేరున్న గాయని దొరకదు. అందుకని నాలాంటి వాళ్లను పిలిచి పాట మొత్తం పాడించి పెట్టుకుంటారు. దాన్ని వింటూ వాయిద్యాలవాళ్లు వాయిస్తారు, డాన్సు మాస్టరు అడుగులు కడతాడు. అసలు గాయని వచ్చి, చెవిలో నా గొంతు వింటూ తన గొంతుతో పాడి వెళుతుంది. ఆ తర్వాత నాది తుడిచేస్తారు. ఇల్లు కట్టేటప్పుడు వేసే పరంజా లాంటిది మా పని. గృహప్రవేశం నాటికి అది ఉండకూడదు, ఉంటే అసహ్యంగా ఉంటుంది.

దీని మీద నాకు ఏడుపేమీ లేదు. కాకినాడ నుంచి వచ్చి ముప్పై ఏళ్లు ఇదే పని చేశాను, మధురానగర్‌లో ఇల్లు కొనుక్కున్నాను, గౌరవంగా బతికాను. ఒక్క పాట సంగతి మాత్రం మీకు చెప్పాలి. అందులో నేను తప్పు చేశాను కాబట్టి చెప్పాలి.

మన సినిమాలు చైనాలో ఆడుతున్నాయని అందరూ ఊగిపోతున్న రోజులవి. జూబ్లీహిల్స్‌లో ఆఫీసున్న ఒక నిర్మాతకు తన సినిమా కూడా అక్కడ ఆడాలన్న కోరిక పుట్టింది. కథలో హీరోయిన్‌ని చైనా అమ్మాయిని చేశారు. ఆమె పాటను నిజంగానే చైనాలో పేరున్న ఒక పాప్ గాయని చేత, అదీ తెలుగులో పాడించాలన్నారు. తెలుగు రాకుండా తెలుగు పాటలు పాడటం మనకేమీ కొత్త కాదు కాబట్టి ఎవరూ ఆశ్చర్యపోలేదు. సంగీత దర్శకుడు నన్ను పిలిచి, ట్రాక్ పాడండి, ఆవిడ వచ్చాక ఉచ్చారణ కూడా మీరే చూసుకోండి అన్నారు.

ట్రాక్ పాడిన రోజు నాకు బాగా జలుబు. ముక్కు రెండు వైపులా దిబ్బడేసింది. రెండు రోజులు ఆగుదామండీ అంటే ఆయన వినలేదు. ట్రాకే కదమ్మా, ఎవరు వింటారు అన్నారు. నేనూ అలాగే అనుకున్నాను. దాన్నే చైనాకు పంపేశారు.

నెల తర్వాత ఆమె వచ్చింది. పెద్ద తార అంటే పదిమంది వెనకాల వస్తారని స్టూడియో అంతా తుడిచి, కుర్చీలు వేసి పెట్టారు. ఆమె, ఆమె మేనేజరు, ఒక వేడినీళ్ల ఫ్లాస్కు వచ్చాయి, అంతే. వయసు నలభైకి దగ్గర. జుట్టు వెనక్కి లాగి ముడివేసుకుని, చదువుకోవడానికి వచ్చినదానిలా నోటుపుస్తకం పట్టుకుని కూర్చుంది. మాటలు అటూ ఇటూ మార్చడానికి మనమ్మాయే దొరికింది. కరీంనగర్ వైపు పిల్ల, చైనాలో మెడిసిన్ చదివి వచ్చింది. ఇక్కడ ప్రాక్టీసుకు రాయాల్సిన పరీక్ష కోసం వెంగళరావునగర్‌లో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది.

గాయని లోపలికి వెళ్లి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని పల్లవి అందుకుంది. మేమందరం ముఖముఖాలు చూసుకున్నాం. గొంతు నాదే. నేను ఊపిరి తీసిన చోటే తీస్తోంది, నేను సాగదీసిన చోటే సాగదీస్తోంది. 'మ'లూ 'న'లూ అన్నీ ముక్కు దిబ్బడ వేసినట్టే పలుకుతోంది. రెండో పాదం చివర నేను ఒకసారి ముక్కు ఎగబీల్చాను కాబోలు, అక్కడ తనూ ఎగబీల్చింది.

మా రికార్డిస్టు యూసుఫ్‌గూడ మనిషి. నవ్వాపుకోలేక మిషను మీద వాలిపోయాడు.

"మేడమ్, మీ సర్ది చైనా దాంక పోయి మళ్ల గీడికే వచ్చింది."

నాకు సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది. మెడిసిన్ అమ్మాయి చేత విషయం చెప్పించాను. ఆమె నవ్వలేదు. తెలుగు అలాగే ఉంటుందనుకున్నాను, రోజూ పొద్దున్నే రెండు గంటలు అదే సాధన చేశాను అంది. ఒక్క ముక్క అర్థం కాని పాటను, నా జలుబుతో సహా, నెల రోజులు నేర్చుకుంది. సిగ్గు పోయి నాకు కళ్లలో నీళ్లు వచ్చాయి. ముప్పై ఏళ్లలో నా ట్రాక్‌ను అంత శ్రద్ధగా విన్నవాళ్లు ఎవరూ లేరు. అందరూ చెవిలో వేసుకుని విని, పదం పదం అతికించి, విమానం టైమైందంటూ వెళ్లిపోయినవాళ్లే.

జలుబు వదిలించడానికి ఆ రోజంతా పట్టింది. మధ్యాహ్నం నేను తెచ్చిన క్యారియర్‌లో మాగాయ చూసి అడిగి మరీ వేయించుకుంది. పాడేవాళ్లు పులుపు తినకూడదమ్మా అన్నాను. వాళ్ల ఊళ్లో మిరపకాయ లేకుండా ముద్ద దిగదట. అన్నం తింటూ తన కథ కొంత చెప్పింది. కొండల మధ్య ఒక మిల్లు ఊరు. వాళ్లమ్మ ఆ మిల్లులో మైకులో ప్రకటనలు చదివే ఉద్యోగం చేసేది. షిఫ్టు మారే ముందు ఖాళీ ఉంటే కూతురి చేత అదే మైకులో పాటలు పాడించేది. మిల్లు మూతపడ్డాక పదిహేడేళ్ల పిల్ల పెద్ద నగరానికి వెళ్లి, హోటళ్లలో భోజనాల వేళ పాడింది. టీవీ పోటీలో మూడో స్థానం వచ్చింది. ఒక కంపెనీ ఒప్పందం రాయించుకుంది. రెండేళ్లలో ఆమె పాట టాక్సీల్లో, షాపుల్లో మారుమోగిపోయింది. తర్వాత కొంతకాలం పాడలేదు, మళ్లీ మొదలుపెట్టాను అని మధ్యలో ఒక పెద్ద గెంతు వేసింది. ఆ గెంతు నేను గమనించాను గానీ అడగలేదు.

మెడ మీద, చొక్కా కాలర్ దగ్గర, ఆమె చెయ్యి మాటిమాటికీ వెళ్లేది. గొంతుకు ఆపరేషన్ అయిందని మేనేజరు మాకు ముందే చెప్పాడు. పెద్దగా అరిచి పాడకూడదన్నాడు.

అసలు చిక్కు రెండో రోజు వచ్చింది. రెండో చరణంలో నాలుగు పంక్తులు పైస్థాయిలో ఉన్నాయి. నా శ్రుతికి కట్టిన బాణీ అది. జలుబు వదిలాక బయటపడిన ఆమె సొంత గొంతు నాకంటే బరువైనది, కాస్త బొంగురు కూడా. ఆ నాలుగు పంక్తుల దగ్గరికి రాగానే గుడ్డ చినిగినట్టు చినిగిపోయేది. పదిసార్లు పాడింది, పదిసార్లూ చినిగింది. సాయంత్రం నాలుగింటికి సంగీత దర్శకుడు చాలా బాగుందని ఆమెను హోటల్‌కు పంపించి, నన్ను బయట కార్ల దగ్గరికి పిలిచారు.

ఆయన చెప్పింది సూటిగానే ఉంది. గొంతులు ఎలాగూ కలిశాయి, మొదటిరోజు అందరం విన్నాం. ఆ నాలుగు పంక్తులు మీరు పాడేయండి, అతికించేస్తాను, ఎవరికీ తెలియదు అన్నారు. ఆమెకు కూడానా అని అడిగాను. ఆమెకు తెలుగు రాదు కదమ్మా అన్నారు.

ఇక్కడ నేను మీకు అబద్ధం చెప్పను. ఆయన బలవంతం చేయలేదు. నేను ఆశపడ్డాను. థియేటర్‌లో అంత పెద్ద తెర మీద, నాలుగు పంక్తులే అయినా, తుడిచేయకుండా నా గొంతు వినిపిస్తుంది. పేరు ఆమెదే ఉండనీ, నాకు తెలిస్తే చాలు అనుకున్నాను. లోపలికి వెళ్లి పాడాను. ఒక్కసారికే వచ్చింది. నా బతుకులో అంత బాగా నేనెప్పుడూ పాడలేదు. రికార్డిస్టు నా వైపు చూడకుండా హెడ్‌ఫోన్స్ తీసి పక్కన పెట్టాడు. అతను ఒక్క జోకు కూడా వేయకుండా పని ముగించడం నేను మొదటిసారి చూశాను.

మూడో రోజు ఆమెకు పని లేదు. మర్నాడు పొద్దున విమానం. ప్రచారం కోసం ఒక వీడియో తీయాలని, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మైకు ముందు పాడుతున్నట్టు నటిస్తే చాలని నిర్మాత మనుషులు చెప్పారు. కెమెరా పెట్టారు, లైట్లు పెట్టారు. పాట వేశారు. పల్లవికి ఆమె పెదవులు కదిపింది. మొదటి చరణం అయింది. రెండో చరణంలో ఆ నాలుగు పంక్తులు వచ్చాయి. ఆమె పెదవులు ఆగిపోయాయి.

మేం చేసిన తెలివితక్కువ పని అక్కడే ఉంది. నా ఊపిరి ఎక్కడుందో కూడా నెల రోజులు విని నేర్చుకున్న మనిషికి నా గొంతు తెలియదనుకున్నాం. ప్రపంచంలో అది వినగానే గుర్తుపట్టగలిగేది ఆమె ఒక్కతే.

హెడ్‌ఫోన్స్ తీసి బల్ల మీద నెమ్మదిగా పెట్టింది. కెమెరా ఆపమంది. అరవలేదు, ఏడవలేదు. కుర్చీలో కూర్చుని మెడిసిన్ అమ్మాయికి చెప్పడం మొదలుపెట్టింది. మొన్న గెంతేసిన భాగం అదే.

పాటలు మారుమోగుతున్న రోజుల్లోనే ఆమె గొంతు పాడైంది. పెద్ద మైదానంలో కచేరీ, టిక్కెట్లు అమ్ముడైపోయాయి. కంపెనీవాళ్లు ఎవరో ఒకామె చేత పాటలన్నీ పాడించి తెచ్చి, నువ్వు పెదవులు కదిపితే చాలన్నారు. కదిపింది. జనం ఏడ్చారు, చప్పట్లు కొట్టారు, పూలు విసిరారు. ఆ పాడినామె ఎవరో చెప్పమని తర్వాత ఎన్నోసార్లు అడిగింది. చెప్పలేదు. ఇంకోసారి అలా చేయనని ఒప్పందం తెంచుకుంది. ఆపరేషన్ చేయించుకుని నాలుగు నెలలు పలక మీద రాసి మాట్లాడింది. పెద్ద వేదికలు మూసుకుపోతే రెండేళ్లు దుకాణాల ప్రారంభోత్సవాల్లో పాడింది. అక్కడి నుంచి మెట్టు మెట్టుగా మళ్లీ పైకి వచ్చింది.

"మేడమ్, ఆమె ఏమంటున్నదంటే," మెడిసిన్ అమ్మాయి నెమ్మదిగా తెలుగులోకి మార్చింది, "నా గొంతు పగిలిపోయినా సరే, నాదే ఉండాలె. వేరేటోళ్ల గొంతుకు ఇగ నోరు కదపను అంటున్నది."

గదిలో అందరూ నేల చూపులు చూస్తున్నారు. దొంగ ఎవరో నాకు తెలుసు కదా. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని తెలిసీ చించుకున్నాను.

"ఆ పాడింది నేనేనని చెప్పమ్మా. వాళ్లు అడిగారని కాదు, నా గొంతు సినిమాలో ఉండాలని ఆశపడి పాడానని చెప్పు."

ఆ పిల్ల నా వైపు చూసింది. "గట్లనే చెప్పాల్నా మేడమ్?"

"గట్లనే చెప్పు."

చెప్పింది. గాయని నా వైపు తిరిగి చూసింది. ఆ చూపులో కోపం ఉంటే తట్టుకునేదాన్ని. మీ పేరు ఎక్కడ వేస్తారు అని అడిగింది. ఎక్కడా వేయరు అన్నాను. అయితే వాళ్లు మనిద్దర్నీ మోసం చేశారు, అందులో నన్ను మోసం చేయడానికి మీరు సాయం చేశారు అంది. ఆ తర్వాత లేచి ఫ్లాస్కు మూత తీసి వేడినీళ్లు తాగి, నన్ను మొదటిరోజు నుంచీ పిలుస్తున్నట్టే 'లావ్‌షీ' అంది. అంటే వాళ్ల భాషలో టీచరని మెడిసిన్ అమ్మాయి ముందే చెప్పింది. సాయంత్రం దాకా టైముంది, నేర్పండి అంది.

సంగీత దర్శకుడికి ఒళ్లు మండింది. పాట ఆ రాత్రికే పంపాలట, నిర్మాత నెత్తి మీద కూర్చున్నాడట. ఆ నాలుగు పంక్తులూ అలాగే ఉంటాయన్నారు. అంతవరకు ఆయన ముందు నేను ఎప్పుడూ గొంతు పెంచి ఎరగను. ఆ రోజు కూడా పెంచలేదు గానీ మాట మార్చలేదు.

"నావి తీసేయండి. ఉంచితే నేనే బయట చెప్పుకుంటాను."

"ట్రాక్ పాడేవాళ్లకు ఇంత పట్టుదలా అమ్మా?" అన్నారు ఆయన. "ఇక మిమ్మల్ని పిలవను, చూసుకోండి."

"పిలవకండి. ఐదింటి దాకా స్టూడియో మాకివ్వండి."

ఇచ్చారు. ఎందుకిచ్చారో నాకిప్పటికీ తెలియదు. పోతుందిలే, ఐదింటికి వాళ్లే అలిసిపోతారు అనుకుని ఉంటారు.

నేను మొదట చేసిన పని, ఆమె చెవిలో నా ట్రాక్ తీయించేయడం. లోపల ఆమెకు ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చున్నాను. గొంతు విప్పకూడదని ఒట్టు పెట్టుకున్నాను. ఊపిరి ఎక్కడో చేత్తో చూపించడమే నా పని. ఆమె పాడింది, చినిగింది. మళ్లీ పాడింది, మళ్లీ చినిగింది. మధ్యాహ్నం రెండయింది. మేనేజరు అద్దం అవతల చేతులు నులుముకుంటున్నాడు. నేను ఆపేద్దామా అని సైగ చేశాను. ఆమె తల అడ్డంగా ఊపి, ఈ నాలుగు పంక్తుల్లో ఏముంది అని అడిగించింది.

చెప్పబోతుంటే అప్పుడు తట్టింది. నెల రోజుల్లో ఆమెకు పాట అర్థం ఎవ్వరూ చెప్పలేదు. వాళ్ల లిపిలో శబ్దాలు రాసి పంపాం, అంతే. అర్థం పాడేవాళ్లకెందుకు అన్నది మా ఫీల్డు అలవాటు. ఎంతమంది చేత అలా పాడించానో తలుచుకుంటే సిగ్గేసింది.

అప్పుడు పంక్తి పంక్తీ విడదీసి చెప్పాను. ఇన్ని దారులు దాటి వచ్చాను, ఒక్కసారి కళ్లు తెరిచి చూడు అని హీరోయిన్ హీరోను పిలుస్తోంది అన్నాను. ఆమె వెంటనే అడిగింది, అతను ఎంత దూరంలో ఉన్నాడు అని.

నాకు తెలియదు. అద్దం అవతలికి మైకులో అడిగాను. సంగీత దర్శకుడు విసుక్కుంటూ, కొండ మీద నుంచి పిలుస్తుందమ్మా అన్నారు. అంతలో పక్కనున్న సహాయ దర్శకుడు నెమ్మదిగా నసిగాడు. కొండ సీను మార్చేశారు సార్, ఇప్పుడు హాస్పిటల్లో సార్, హీరో స్పృహ లేకుండా మంచం మీద ఉంటాడు, ఈమె పక్కనే కూర్చుని పాడుతుంది అన్నాడు. బాణీ కట్టాక సీను మారింది. ఆ సంగతి బాణీకి ఎవరూ చెప్పలేదు.

మెడిసిన్ అమ్మాయి అది చైనా భాషలో చెప్పగానే గాయని మొదటిసారి నవ్వింది. పక్కనే ఉన్న మనిషిని ఎందుకు అరిచి పిలవాలి అంది.

ఆ నాలుగు పంక్తుల అర్థం నోటుపుస్తకంలో రాసుకుంది. తర్వాత మొత్తం పాట మొదటి నుంచీ వేయమంది. పల్లవి పాడింది, చరణం పాడింది. ఆ నాలుగు పంక్తులకు వచ్చేసరికి మైకు దగ్గరికి జరిగి, పెదవుల చివర నుంచి, నిద్రపోతున్న వాళ్ల చెవిలో చెప్పినట్టు పాడింది. స్వరాలన్నీ పైవే, గొంతు మాత్రం కింద పెట్టింది. చివరి పంక్తిలో 'చూడు' దగ్గర సన్నగా పగిలింది. ఆపలేదు. ఆ పగులుతోనే పాట ముగించింది.

నా చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. ఊపిరి చూపించడం ఎప్పుడో మర్చిపోయాను. ఎక్కడ తీసుకోవాలో ఆమెకే తెలిసింది. అది నా గొంతు కాదు, నా ఊపిరి కాదు. నిన్న నేను అంత బాగా పాడాననుకున్న ఆ నాలుగు పంక్తులూ ఒట్టి అరుపులని అప్పుడర్థమైంది. పాడటంలో ఓడిపోవడం అంత సంతోషంగా ఉంటుందని నాకు తెలియదు.

సంగీత దర్శకుడు చివరి పంక్తి ఒక్కటీ సరిచేయమన్నారు. రికార్డిస్టు కుర్చీ తిప్పి ఆయన ముఖంలోకి చూశాడు. ఇరవై ఏళ్లలో ఆయనకు ఎదురు చెప్పని మనిషి.

"వద్దు సార్. గా పగులుతోనే పాట ఉన్నది."

ఆయన ఇంకోసారి విన్నారు. సరేనని తల ఊపారు. ఆయన చెవి మంచిది, అది నేను ఎన్నడూ కాదనను.

వెళ్లేముందు ఆమె ఒక కోరిక కోరింది. నేను పాడిన ఆ నాలుగు పంక్తులు తుడిచేసే ముందు తనకు కావాలంది. మీరు ఒప్పుకుంటేనే అంది. గుర్తుగా దాచుకుంటుందేమో అనుకుని సరేనన్నాను. రికార్డిస్టు కాపీ చేసి ఇచ్చి, నా కళ్ల ముందే ఇక్కడిది తుడిచేశాడు.

ఆ సినిమా చైనాకు వెళ్లనే లేదు. ఇక్కడ రెండు వారాలాడింది. పత్రికల్లో పాట బాగుందన్నవాళ్లు ఉన్నారు, తెలుగును ఖూనీ చేసిందన్నవాళ్లూ ఉన్నారు. సంగీత దర్శకుడు అన్న మాట నిలబెట్టుకున్నారు, నన్ను మళ్లీ పిలవలేదు. ఆయన పిలవకపోయేసరికి మరో ఇద్దరు కూడా మానేశారు. బాధపడ్డాను. ఆరు నెలలు ఫోను మోగితే ఉలిక్కిపడేదాన్ని. తర్వాత ఇంట్లోనే పిల్లలకు నేర్పడం మొదలుపెట్టాను. పాట చేతికిచ్చాక ముందు అర్థం చెబుతాను, ఎవరు ఎవరితో ఎంత దూరం నుంచి అంటున్నారో చెబుతాను, ఆ తర్వాతే శ్రుతి పెట్టె తెరుస్తాను. నా దగ్గర నేర్చుకునే మీలో కొందరు విసుక్కుంటారని నాకు తెలుసు. విసుక్కోండి, నేను మానను.

రెండేళ్ల కిందట మెడిసిన్ అమ్మాయి ఫోను చేసింది. పరీక్ష పాసై వాళ్ల జిల్లాలోనే డాక్టరుగా చేస్తోంది. ఒక వీడియో పంపాను, కూసొని చూడుండ్రి మేడమ్ అంది.

చూశాను. చైనాలో ఏదో నగరం, పెద్ద వేదిక, జనం కనుచూపు మేర ఉన్నారు. ఆమె మన పాట పాడుతోంది, తెలుగులోనే, తన గొంతుతో. పాట అయిపోయింది, చప్పట్లు మోగాయి. అవి తగ్గేదాకా ఆగి ఏదో మాట్లాడింది. మధ్యలో నా పేరు వినిపించింది. పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా, వాళ్ల యాసలో. మిగతాది డాక్టరమ్మ కింద తెలుగులో రాసి పంపింది: ఈ పాట నాకు నేర్పింది ఈవిడ, ఇప్పుడు ఆవిడ పాడతారు, వినండి.

మైకు కిందకి దించి, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని ఒక పక్కకు జరిగి నిలబడింది. స్పీకర్లలో నా నాలుగు పంక్తులు వచ్చాయి. అంత పెద్ద మైదానమూ నన్ను విన్నది. విని చప్పట్లు కొట్టింది. కెమెరా అంతసేపూ ఆమె ముఖం మీదే ఉంది. ఆమె పెదవులు కదపలేదు.